మూట విప్పితే గుణకారం

ఆమె ఉల్లిపాయలు తరుగుతుంటే భర్త వంటింట్లోకి వచ్చి స్టూలు లాక్కుని కూర్చున్నాడు. అప్పుడే ఆమెకు అనుమానం వచ్చింది. ట్యుటోరియల్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే ఆ మనిషి పెళ్ళయిన ఇన్నేళ్ళలో వంటింట్లో కూర్చున్న పాపాన పోలేదు. ఆమె కూడా అదే కెమిస్ట్రీ చదివి, పిల్ల పుట్టేదాకా పాఠాలు చెప్పిందన్న సంగతి ఆ ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. "అంత చదివావు, పాలు పొంగకుండా చూసుకోలేవా?" అని అత్తగారు అన్నప్పుడు తప్ప.

"పరమాణువుల్ని మోల్స్‌లోకి మార్చడం నువ్వయితే ఎలా చెప్తావు?" ఫోను గట్టుమీద బోర్లా పెడుతూ అడిగాడు.

"మోల్ అంటే మూట అని చెప్తాను. ఆరు పక్కన ఇరవైమూడు సున్నాలు పెడితే ఎంతో, మూటకి దాదాపు అన్ని పరమాణువులు. పరమాణువులిచ్చి మోల్స్ అడిగితే మూటలు కట్టాలి, అంటే భాగించాలి. మోల్స్ ఇచ్చి పరమాణువులు అడిగితే మూటలు విప్పాలి, గుణించాలి."

బాగుందన్నాడు. అప్పటినుంచి రోజూ వచ్చి ఏదో ఒకటి అడిగేవాడు. ఫోను మాత్రం ఎప్పుడూ బోర్లానే. పొంగిపోవాలో భయపడాలో ఆమెకు తెలియలేదు. ఇంకో ఆడమనిషి ఉందేమో, ఆ తప్పు కప్పిపుచ్చుకోవడానికే ఈ మంచితనమేమో అనుకుని, ఉతికేముందు అతని చొక్కాలు వాసన చూసింది. సుద్దపొడి, చెమట, అంతే. తనమీద తనకే రోత పుట్టింది.

ఒకనాడు డాబామీద బట్టలు తీస్తుంటే పైవాటా అమ్మాయి కనిపించింది. అతని క్లాసులోనే చదువుతోంది. మోల్స్ లెక్కలు వచ్చాయా అని ఆమె ఊరికే అడిగింది.

"వచ్చాయి ఆంటీ. సార్ మూటల పద్ధతి చెప్పారుగా." అంతలోనే నాలుక కరుచుకుంది.

ఆమె వదల్లేదు. గుచ్చి గుచ్చి అడిగితే ఆ పిల్ల తలవంచుకుని చెప్పింది. "మా ఆవిడ ఒట్టి మొద్దు, ఆవిడకి అర్థం కావాలని కనిపెట్టాను అన్నారు. అందరం నవ్వామాంటీ."

ఫోను ఎందుకు బోర్లా ఉండేదో అప్పుడు తెలిసింది. తన మాటలు అందులో రికార్డు చేసుకునేవాడు. ఏడుపొస్తుందనుకుంది గానీ రాలేదు. చేతిలో ఉన్న దుప్పటి పూర్తిగా మడత పెట్టాక అడిగింది.

"క్లాసులో ఇంకా అర్థంకాని వాళ్ళున్నారా?"

"సగం మంది. మళ్ళీ అడిగితే సార్ విసుక్కుంటారు."

"రేపు సాయంత్రం వాళ్ళని మా ఇంటికి తీసుకురా."

మర్నాడు అతను వచ్చేసరికి గుమ్మం నిండా చెప్పులు. హాల్లో నేలమీద పిల్లలు, గోడకి అటకమీంచి దించిన పాత నల్లబోర్డు. అత్తగారు తన గదిలోంచి తొంగిచూస్తోంది. సార్‌ని చూసి పిల్లలంతా గబుక్కున లేచి నిలబడ్డారు.

"ఏమిటిదంతా?" అన్నాడు, నవ్వబోతూ.

ఆమె బోర్డువైపు నుంచి తిరగలేదు.

"మీరు కూర్చోండమ్మా. ఆయన కూడా పాఠం వినడానికే వచ్చారు."