చెయ్యని కాళ్లు

ఆసుపత్రి వెనక, దుప్పట్లు ఉతికే షెడ్డు పక్కన, కృత్రిమ కాళ్లు చేసే గది ఉండేది. అందులో పనిచేసేది ఇద్దరే. పెద్దాయనను అందరూ మేస్త్రీ అనేవారు. రెండో మనిషి ఆయన భార్యకు తమ్ముడు. అతన్ని అందరూ ‘నిదానం’ అనేవారు. ఆ పేరు పెట్టింది మేస్త్రీయే.

కాలు చెయ్యడంలో రెండు పనులున్నాయి. ఒకటి అచ్చు. మొండికాలికి తడి ప్లాస్టర్ గుడ్డ చుట్టి, గట్టిపడ్డాక ఊడదీసి, అందులో మళ్లీ ప్లాస్టర్ పోసి ఆ కాలికి నకలు తియ్యాలి. రెండోది బిగింపు. ఆ నకలు మీద తొడుగు తయారుచేసి, కింద పాదం అమర్చి, మనిషికి తొడిగి నడిపించి, నొప్పి పెట్టిన చోటల్లా అరగదియ్యాలి. మేస్త్రీకి అచ్చు ఒక పూట పని, బిగింపు ఒక రోజు పని. నిదానానికి అచ్చుకే రోజంతా పట్టేది. ఇక బిగింపంటే ఐదు రోజులు. తొడిగించుకున్న మనిషితో పాటు వరండాలో అటూ ఇటూ నడుస్తూ, వాళ్లింటి సంగతులన్నీ వింటూ, ఎక్కడ గుచ్చుకుంటోందో పదిసార్లు అడిగేవాడు. అలా వారానికి మేస్త్రీ చేతి మీదుగా నాలుగు కాళ్లు, నిదానం చేతి మీదుగా ఒకటి బయటికి వెళ్లేవి.

మొదలుపెట్టినవాడే ముగించాలన్నది మేస్త్రీ నియమం. నిదానానికి అది మొదటినుంచీ మింగుడు పడలేదు. ఒకరోజు అన్నం తింటూ ధైర్యం చేశాడు.

“బావా, అచ్చులన్నీ నాకు వదిలెయ్యి. బిగింపులన్నీ నువ్వు చూసుకో.”

“నువ్వు రోజంతా కూర్చుని తీసే అచ్చు నేను ఒక్క పూటలో తీస్తాను. నీకెందుకు వదలాలిరా?”

“ఆ పూట నువ్వు అచ్చు మీద పెడితే సగం బిగింపు పోతుంది. నేను రోజంతా పెట్టినా పోయేది నా బిగింపులో ఐదో వంతే. నా రోజు చవక బావా.”

“చవకేం ఖర్మ, మీ అక్కతో పాటు ఉచితంగా వచ్చావు నువ్వు!”

నిదానం కూడా నవ్వాడు కానీ మాట వదల్లేదు. “ఇప్పుడు వారానికి ఐదు కాళ్లు. పంచుకుంటే ఆరు. ఒక్కసారి లెక్కేసి చూడు.”

“నాకు లెక్కలు నేర్పకు. పెరుగు ఇటివ్వు.”

ఆ మాట అక్కడితో ఆగిపోయింది. మేస్త్రీ చెడ్డవాడు కాదు. రెండు పనుల్లోనూ తనకు సాటి లేదని తెలిసిన మనిషి. చేతకానివాడికి సగం పని అప్పగించడం అంటే తన చేతిని తానే తక్కువ చేసుకోవడం అనుకున్నాడు. రెండేళ్లు గడిచాయి. వారానికి ఆరుగురు కొత్తవాళ్లు వచ్చేవారు, ఐదుగురు కాళ్లు తొడుక్కుని వెళ్లేవారు. పేర్లు రాసుకునే పుస్తకంలో వరుస పెరుగుతూ పోయింది.

సెలూనాయన వచ్చేసరికి ఆ వరుసలో నూట తొమ్మిది మంది ఉన్నారు. చక్కెర వ్యాధి వల్ల మానని పుండుకు ఆయన ఎడమకాలు మోకాలి కింద తీసేశారు. ఆయనకు ఒకే కుర్చీ ఉన్న చిన్న సెలూన్ ఉంది. నలభై ఏళ్లు నిలబడి చేసిన పని.

“ఎప్పుడు రమ్మంటారండీ?”

“ఐదు నెలలవుతుంది,” అన్నాడు మేస్త్రీ.

“మరీ అంత దూరమా? సరే, ఏం చేస్తాం. కూర్చుని గడ్డం గీస్తే గీయించుకునేవాళ్లు భయపడతారేమోనండీ,” అని ఆయనే నవ్వాడు.

మోకాలు ముడిచి ఉంచొద్దని, రోజూ కాలు చాపి పడుకోమని నిదానం పక్కన కూర్చుని చూపించి పంపాడు. ఆయన మొదటి నెల అలాగే చేశాడు. తర్వాత ఇల్లు గడవాలి కదా, ఎత్తు స్టూలు వేయించుకుని సెలూన్లో కూర్చున్నాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ మొండికాలు మడిచే ఉండేది.

ఐదు నెలలకు పిలుపు అందుకుని, మంచి చొక్కా వేసుకుని వచ్చాడు. మేస్త్రీ మొండికాలిని రెండు చేతులా పట్టుకుని నెమ్మదిగా చాపబోయాడు. అది కదల్లేదు. ఇంకాస్త గట్టిగా పట్టాడు. సెలూనాయన పళ్లు బిగించి గోడ వైపు చూశాడు. మోకాలు ముడుచుకున్న చోటే బిగుసుకుపోయింది. డాక్టరమ్మ వచ్చి చూసి, “రెండు నెలలకే తొడిగి ఉంటే ఇలా అయ్యేది కాదు. ఇప్పుడు మామూలు కాలు పట్టదు,” అంది.

సెలూనాయనే వాళ్లను ఓదార్చాడు. “పోనీలెండి. మీరు మాత్రం ఏం చేస్తారు? మీకున్నవీ రెండు చేతులే కదా.”

ఆయన వెళ్లాక మేస్త్రీ పేర్ల పుస్తకం తెరిచాడు. నిదానం చెప్పినట్టు పంచుకుని ఉంటే వారానికి ఒక్క కాలు ఎక్కువ. రెండేళ్లకు నూట నాలుగు. సెలూనాయన వచ్చిన రోజుకు ముందున్నవాళ్లు నూట తొమ్మిది మంది. ఆ లెక్కన ఆయన ముందు నిలబడాల్సింది ఐదుగురే. పై వారమే ఆయన కాలు తొడుక్కుని వెళ్లాల్సింది. మేస్త్రీ మళ్లీ లెక్కేశాడు. అంతే వచ్చింది. తను చేసిన కాళ్లు తనకు రోజూ వీధిలో ఎదురయ్యేవి, నమస్కారం పెట్టేవి. చెయ్యనివి ఏ ఇళ్లలో ఏ స్టూళ్ల మీద కూర్చున్నాయో తను ఎన్నడూ చూడలేదు.

ఆ పూట అన్నం ముట్టలేదు. నిదానం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

“రేపటినుంచి అచ్చులు నీవిరా.”

నిదానం ఆ మొహం చూసి, “అలాగే బావా,” అన్నాడంతే. అప్పుడే చెప్పానుగా అన్న మాట ఆ రోజూ అనలేదు, ఆ తర్వాతా అనలేదు.

వారానికి ఆరు కాళ్లు వెళ్లసాగాయి. వచ్చేవాళ్లూ ఆరుగురే కాబట్టి వరుస పెరగడం ఆగింది. తరగడం మాత్రం మొదలవలేదు.

నిదానం లోపలి గదిలో ప్లాస్టర్ బక్కెట్ల మధ్య ఉండిపోయాడు. అతని ముందుకు మనుషులు అరగంట వచ్చి కాలు చాపి వెళ్లిపోయేవారు. వాళ్లు నడవడం చూసే భాగ్యం ఇప్పుడు మేస్త్రీదే. వరండాలో ఎవరో తొలి అడుగు వేసి కేక పెడితే, నిదానం చేతులకు తెల్లటి పిండితో గుమ్మం దాకా వచ్చి, ప్లాస్టర్ గట్టిపడిపోతుందని మళ్లీ లోపలికి పరిగెత్తేవాడు.

కొన్నాళ్లకు డాక్టరమ్మ ఒక దారి చెప్పింది. మడిచిన మోకాలినే తొడుగులో కూర్చోబెట్టి, దాని కింద కాలు అమర్చవచ్చు. మామూలు కాలంత సుఖంగా ఉండదు, కానీ మనిషి నిలబడతాడు. ఆ మాట వినగానే నిదానం బయటికి వచ్చాడు.

“బావా, సెలూనాయన కాలు మొత్తం నన్ను చెయ్యనియ్యి. ఈ ఒక్కటీ.”

మేస్త్రీ తల దించుకున్నాడు. “నీకు వారం పడుతుందిరా.”

“తెలుసు. ఆ వారం అచ్చులుండవు. ఆరుగురు ఆగిపోతారు.” నిదానం చేతులకంటిన ప్లాస్టర్ దులుపుకున్నాడు. “లెక్క చెప్పినవాణ్ని నేనే కదా. పోనీ, ఆదివారాలు చేస్తాను.”

“ఇంట్లో నీ పిల్లలు ఎదురుచూడరూ? ఆ ఒక్క రోజే కదరా వాళ్లకు నువ్వు దొరికేది.”

“చూస్తారు,” అన్నాడు నిదానం. “దేన్నో ఒకదాన్ని పోగొట్టుకోకుండా ఏదీ రావట్లేదు బావా.”

ఆరు ఆదివారాలు పట్టింది. సెలూనాయన ప్రతి వారం వచ్చి, ఆ ఖాళీ గదిలో నిదానంతో ఊరి కబుర్లన్నీ చెప్పుకునేవాడు. ఆరో ఆదివారం మేస్త్రీ కూడా వచ్చాడు. సెలూనాయన గోడ పట్టుకుని లేచి, గోడ వదిలి, వరండా చివరిదాకా వెళ్లి వచ్చాడు. మడిచిన మొండికాలు వెనక్కి పొడుచుకుని ఉంది. నుదుటి మీద చెమట పట్టింది. నిదానం పక్కనే నడుస్తూ, “ఎక్కడ గుచ్చుకుంటోంది?” అని అడుగుతూనే ఉన్నాడు.

ఆ కాలి మీద సెలూనాయన గంటకు మించి నిలబడలేకపోయాడు. గంటలో ఇద్దరికి క్షవరం అవుతుంది, మూడోవాడు సగంలో మిగిలిపోతాడు. ఏడాది తిరక్కుండా సెలూన్ తమ్ముడికి ఇచ్చేసి, బస్‌స్టాండులో టికెట్లు ఇచ్చే కిటికీ దగ్గర కూర్చున్నాడు. మేస్త్రీ అటు వెళ్లినప్పుడల్లా ఆయన కిటికీలోంచి చెయ్యి ఊపి, “బాగున్నారా?” అని పలకరిస్తాడు. బాగున్నానని చెప్పడానికి మేస్త్రీకి కొంచెం సేపు పడుతుంది.