అతుకుల కొట్టు

ఇస్త్రీ రోలరులోంచి దుప్పటి జారీ జారకముందే పొడుగమ్మ రెండు కొసలూ అందుకుంది. అవతలి కొసలు వదిన పట్టుకుంది. ఇద్దరూ ఒక్క ఊపున విదిలించారు. ఆవిరి మొహాలకి కొట్టింది. కొసకి కొస కలిపి ఒకరికేసి ఒకరు నడిచారు. మధ్యలో పొడుగమ్మ చేతిలోని కొసలు వదిన చేతిలోకి మారాయి. పొడుగమ్మ వంగి, కింద వేలాడుతున్న మడత అందుకుని వెనక్కి నడిచింది. మరోసారి ఎదురెదురుగా వచ్చేసరికి దుప్పటి చదరంగా తయారై బల్లమీద చేరింది. అప్పటికి రోలరు ఇంకోదాన్ని బయటికి తోస్తోంది.

ఊళ్ళోని ఆసుపత్రుల దుప్పట్లూ, హోటళ్ళ తువాళ్ళూ ఉతికే పెద్ద లాండ్రీ అది. వదిన పొడుగమ్మ భుజం దాకా వస్తుంది, అంతే. పొడుగమ్మ తన ఎత్తులో తాను నిలబడితే దుప్పటి ఏటవాలుగా సాగి మడత వంకరపోతుంది. అందుకని పనిలో చేరిన మొదటి వారంలోనే మోకాళ్ళు కాస్త సడలించి, వీపు కాస్త వంచి నిలబడటం నేర్చుకుంది. ఏళ్ళ తరబడి వంగీ వంగీ ఆ వంపు వీపులోనే ఉండిపోయింది. ఈ సంగతి వదినకి ఎప్పుడూ తట్టలేదు. మడతలు చక్కగా వస్తుంటే ఎందుకు వస్తున్నాయని ఎవరు ఆలోచిస్తారు?

వదిన అంటే చుట్టరికమేమీ లేదు. మొదటి రోజు పేరు గుర్తురాక "వదినా, ఆ కొస పట్టుకో" అంది పొడుగమ్మ. "పట్టుకున్నా వదినా" అంది ఆవిడ. అప్పట్నుంచీ ఒకరికొకరు వదినలే. వదినకి మొగుడు పోయి చాలా కాలమైంది, పిల్లల్లేరు. పొడుగమ్మ పెళ్ళే చేసుకోలేదు. మంచాన పడ్డ తల్లిని చూసుకుంటూ ఉండగానే పెళ్ళి వయసు దాటిపోయింది. తల్లి పోయాక ఒక్క గదిలో ఒక్కత్తీ మిగిలింది.

కొట్టు మాట పుట్టింది ఒక చిరుగులోంచి. పారేయమన్న దుప్పటినొకదాన్ని పొడుగమ్మ మధ్యాహ్నం అన్నాలవేళ కూర్చుని కుట్టింది. వదిన దాన్ని వెలుతురుకి పట్టి, వేలితో తడిమి, ఎక్కడ చిరిగిందో చెప్పలేకపోయింది.

"నీ చేతికి ఓ కొట్టుండాలే!" అంది.

ఆనాటి నుంచీ అన్నాల దగ్గర మాటల్లోనే ఆ కొట్టుకి రోజుకో గోడ లేచింది. గుమ్మం మీది పేరు పలకకి ఏ రంగు వేయాలో వదిన చెప్పింది. కుట్టు మిషను ఏ పక్కన పెడితే సూదిమీద వెలుతురు పడుతుందో పొడుగమ్మ చెప్పింది. "నేను గుమ్మం దగ్గర కూర్చుని వచ్చినవాళ్ళతో మాట్లాడతా, నువ్వు లోపల కుట్టు. నీకు మాటలు రావు, నాకు కుట్టు రాదు. సరిపోయాం" అనేది వదిన. పేరు కూడా ఆవిడే పెట్టింది, అతుకుల కొట్టని. బాయిలరు దగ్గర పనిచేసే ముసలాయన అది విని "ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం" అన్నాడు. ఇద్దరూ పొలమారేదాకా నవ్వారు.

పొడుగమ్మ నవ్వింది గానీ ఊరుకోలేదు. పాత మిషనొకటి కొనుక్కుంది. సాయంత్రాలు ఇంటి దగ్గర కాజాలు కుట్టింది, జిప్పులు విప్పి మళ్ళీ వేసింది, ఉన్ని కోట్ల మోచేతులకి మాసికలు వేయడం నేర్చుకుంది. గడియారాలు బాగుచేసే బాబాయికి చూపు తగ్గుతోందని తెలిసి, కొట్టు తీసేసేటప్పుడు తనకే ఇవ్వమని ముందే అడిగి పెట్టుకుంది. నిన్న సాయంత్రం ఆయన కబురంపాడు. ఖాళీ చేస్తున్నాను, ఇద్దరూ వచ్చి చూసుకోండని. ఆ కబురు పొద్దుట్నుంచీ ఆమె నోట్లో వేడి ముద్దలా తిరుగుతోంది. అన్నాలప్పుడు చెబుదామనుకుంది.

కానీ అన్నాలకి ముందే అందర్నీ మేడమీదికి పిలిచారు. కంపెనీ పై ఆఫీసు నుంచి పంపిన శిక్షకుడట. కుర్రవాడే, మాట మెత్తన. పనివాళ్ళందరికీ కుర్చీలు వేయించి, తాను నిలబడి అడిగాడు.

"పదేళ్ళ తర్వాత మీరు ఎక్కడ ఉండాలనుకుంటున్నారు? తొందరేం లేదు, ఆలోచించుకునే చెప్పండి."

"ఇక్కడైతే కాదు బాబూ" అన్నాడు బాయిలరు ముసలాయన. హాలంతా గొల్లున నవ్వింది. శిక్షకుడూ నవ్వాడు.

ఒకడు ఇల్లన్నాడు, ఒకామె కూతురి చదువంది. లాండ్రీ వ్యాను డ్రైవరు వంతు వచ్చేసరికి "మావాళ్ళ దగ్గరికి వెళ్ళి స్థిరపడాలండి" అని గొంతు సవరించుకున్నాడు. తర్వాత వదిన. లేచి, చీర కొంగు వేలికి చుట్టుకుంటూ "నాకింకా ఏం తోచలేదు" అని కూర్చుండిపోయింది. వదినకి మాట తోచకపోవడమేమిటని పొడుగమ్మకి ఆశ్చర్యమేసింది. దాన్ని తనవల్లైనంత సర్దుదామని, ఎవరూ పిలవకుండానే లేచింది. నిండా నిటారుగా నిలబడింది.

"నేనూ మా వదినా కలిసి చిరుగులు కుట్టే కొట్టు పెడుతున్నాం. పదేళ్ళకి కాదు, ఈ నెల్లోనే."

అందరూ చప్పట్లు కొట్టారు. వదిన మాత్రం తల ఎత్తలేదు.

మళ్ళీ రోలరు దగ్గరికి వచ్చి దుప్పట్లు అందుకున్నారు. చివరికి వదినే కదిపింది.

"నిజంగానే అన్నావా అక్కడ?"

"మరి? గడియారాల బాబాయి ఖాళీ చేస్తున్నాడు. సాయంత్రం వెళ్ళి చూద్దాం."

వదిన చేతిలోంచి కొస జారిపోయింది. వంగి తీసుకుని, దులిపి, దాన్నే చూస్తూ అంది.

"నేను వెళ్ళిపోతున్నా వదినా. డ్రైవరుతో. వాళ్ళవాళ్ళున్న చోట ఆయనకి పని దొరికింది. పెళ్ళి చేసుకుంటున్నాం."

"ఎప్పుడు?"

"ఇవాళే నాకు ఆఖరు."

రోలరు ఆగదు. పొడుగమ్మ వచ్చిన దుప్పటి అందుకుంది.

"మేనేజరుకి చెప్పావా?"

"పోయిన నెలే చెప్పా."

"నాకు?"

"నోరు రాలేదు. రోజూ చెబుదామనే వస్తా. అన్నం ముందు కూర్చోగానే నువ్వు కొట్టు ఊసెత్తుతావు, నేనూ అందుకుంటా. సరదాకి అనుకుంటున్నాం కదాని నేను... నువ్వూ సరదాకే అంటున్నావనుకున్నా వదినా."

ఆ తర్వాత వచ్చిన దుప్పటికి పొడుగమ్మ వంగలేదు. తన ఎత్తులో తాను నిలబడింది. దుప్పటి ఏటవాలుగా సాగింది. వదిన చేతులు పైకెత్తింది, చాలలేదు. మునివేళ్ళమీద లేచింది. మడత వంకరపోయింది. తర్వాతిదీ అంతే, ఆ తర్వాతిదీ అంతే. వదిన మునివేళ్ళమీద నిలబడి పట్టుకుంటూనే ఉంది. నుదుటిమీంచి చెమట కంట్లో పడుతున్నా తుడుచుకోలేదు. పొడుగమ్మని కిందినుంచి పైదాకా చూసింది, ఇన్నేళ్ళకి మొదటిసారి చూస్తున్నట్టు.

అలా కొన్ని వంకర మడతలు పడ్డాక పొడుగమ్మ మోకాళ్ళు సడలించింది. వంకరపోయినవాటిని విప్పి మళ్ళీ మడిచారు.

"గురక పెడతాడా?" అనడిగింది పొడుగమ్మ.

"వ్యాను స్టార్టయినట్టే!"

ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వుతూనే వదిన కళ్ళొత్తుకుంది.

"కొట్టు మానకు వదినా."

"నాకు మాటలు రావుగా."

"రాకపోవడమేంటి? ఇవాళ అంతమందిలో లేచి మాట్లాడావు. నాకే రాలేదు."

సాయంత్రం గేటు బయట డ్రైవరు తల గోక్కుంటూ నిలబడ్డాడు. ఎప్పుడూ దుప్పట్లు ఎక్కించే వ్యాను కాదది, అరువు తెచ్చుకున్న చిన్న బండి. వెనక రెండు పెట్టెలున్నాయి.

"మెల్లగా తోలండి. ఆవిడకి కుదుపులు పడవు" అంది పొడుగమ్మ.

వదిన ఆమె నడుం చుట్టూ చేతులు వేసి ఒక్కసారి గట్టిగా పట్టుకుని, వదిలేసి, బండెక్కింది. బండి మలుపు తిరిగింది. పొడుగమ్మ తలమీద కొంగు సర్దుకుని నడక సాగించింది.

వద్దని చెప్పడానికే గడియారాల కొట్టుకి వెళ్ళింది. దారంతా "వద్దులే బాబాయ్" అన్న రెండు మాటలూ వల్లె వేసుకుంది. కొట్టులో ఆయన గడియారాలు దించుతున్నాడు. అవి వేలాడిన చోటల్లా గోడమీద తెల్లటి గుండ్రాలు మిగిలాయి.

"మీ వదినేదమ్మా?"

"రాదు. పెళ్ళి చేసుకుని వెళ్ళింది."

"ఈ వయసులోనా! మంచిదే." ఆయన కళ్ళజోడు సవరించుకున్నాడు. "మరి కొట్టు?"

పొడుగమ్మ లోపలికొచ్చింది. ఎడమవైపు కిటికీ ఉంది. సందెవెలుగు దాన్లోంచి ఏటవాలుగా పడుతోంది, సరిగ్గా మిషను పట్టేంత చోటులో. ఆ వెలుగులో చెయ్యి పెట్టి చూసుకుంది. వేళ్ళ గీతలు కూడా కనిపించాయి. వల్లె వేసుకొచ్చిన మాటలు ఎక్కడికి పోయాయో తెలీదు.

"గోడకి సున్నం కొట్టించాలి బాబాయ్" అంది.

ఆయన నవ్వి తాళంచెవి బల్లమీద పెట్టాడు. గడియారాల పెట్టె చంకన పెట్టుకుని గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.

"స్టూళ్ళు రెండున్నాయి. ఒక్కదానివే కదా, ఒకటి పట్టుకెళ్ళనా?"

"ఉండనివ్వు" అంది పొడుగమ్మ.

ఆయన వెళ్ళాక కిటికీ దగ్గరి ఎత్తు స్టూలుమీద కాసేపు కూర్చుంది. రెండోది పొట్టిది, ఇన్నాళ్ళూ వచ్చినవాళ్ళు కూర్చునీ కూర్చునీ నడుమ నున్నగా అరిగిపోయింది. అది గుమ్మం పక్కన, వీధికేసి తిరిగి ఉంది.