మూడో బంతి

ముందుగా నన్ను మన్నించాలి. అక్షరాలు నాకు అరవై దాటాక వచ్చాయి. ఒత్తులు ఎక్కడో ఒకచోట జారిపోతాయి, దీర్ఘాలు మరిచిపోతాను. ఒక పేజీ నిండడానికి నాకు ఒక రోజు పడుతుంది. తప్పులుంటే దిద్దుకుని చదవండి. ఇంకొకటి కూడా చెప్పాలి. ‘నేను’ అని రాస్తే నన్ను నేనే వెనకేసుకొస్తానేమోనని, ఇందులో తల్లిని ‘ఆమె’ అనే రాశాను.

ఆమె పరుపులు కుట్టేది. భర్త పోయాక ఆ కొట్టు ఆమెదే అయింది. జానెడు సూదితో ముప్పై ఏళ్లు దూది పరుపులు కుట్టిన చెయ్యి. అందుకే ఆపరేషన్ అయిన రెండో రోజు నర్సు కూతురి కడుపు మీది కట్టు విప్పినప్పుడు ఆమె ముఖం తిప్పుకోలేదు, కుట్లు లెక్కపెట్టింది. రొమ్ముల కింద నుంచి బొడ్డు దాటేదాకా ముప్పై ఒకటి. ఒక్కటీ వంకర లేదు.

“కుట్టినాయనకి పని వచ్చమ్మా,” అని నర్సుతో అంది. ఆ తర్వాత బాత్‌రూములోకి వెళ్లి కుళాయి తిప్పి, ఆ నీళ్ల చప్పుడులో అల్లుణ్ణి నోటికొచ్చినట్టు తిట్టింది.

తిట్టదా మరి? కూతురికి నాలుగు నెలలుగా కడుపునొప్పి. వచ్చేది, పోయేది. వచ్చినప్పుడల్లా అల్లుడు “వేషాలు” అనేవాడు. వంట చెయ్యలేకపోతే వేషాలు, బట్టలు ఉతకలేకపోతే వేషాలు. ఆఖరి రోజు పొద్దున ఆ పిల్ల నేల మీద ముడుచుకుపోయి ఉంటే “సాయంత్రం చూద్దాంలే” అని వ్యాను తీసుకుని లోడుకి పోయాడు. పక్కింటావిడ ఆసుపత్రికి మోసుకొచ్చి పడేసేసరికి లోపల పేగు మెలిపడి నల్లబడిపోయింది. మూడడుగులు కోసి తీసేశారు.

ఆ వార్డులో రోగికి తోడు ఒక్కరే. పసుపు అట్టముక్క పాసు ఒకటి ఇస్తారు, తాడుతో మెడలో వేసుకోవాలి. అది ఉన్నవాళ్లే మెట్లెక్కాలి. ఆమె దాన్ని మొదటి రోజు మెడలో వేసుకుంది, మళ్లీ తీయలేదు. స్నానానికి కూడా తీయలేదు. ఆమె కక్షకి ఆ అట్టముక్క చాలు.

అల్లుడు రోజూ నాలుగింటికి కింద గేటు దగ్గరికి వచ్చేవాడు.

“అత్తయ్యా, పాసు ఒక్క ఐదు నిమిషాలు ఇవ్వండి. చూసి వచ్చేస్తాను.”

“అయ్యో అల్లుడు గారూ! ఇప్పుడే కన్ను మూసిందండీ.”

అతని ముఖంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. ఆమె రెండు క్షణాలు ఆగింది. ఆ తర్వాత తీరిగ్గా అంది. “నిద్రపోయిందండీ. లేపమంటారా?”

ఎనిమిదేళ్లుగా అతన్ని “బాబూ, నువ్వు” అన్న నోరు అది. ఇప్పుడు ప్రతి ‘అండీ’ ఒక్కో చెంపదెబ్బలా తగలాలని ఏరి మరీ వేసింది. ఆ రెండు క్షణాలు ఆమెకి ఎంత తీయగా ఉన్నాయో చెప్పలేను. మెట్లెక్కుతున్నప్పుడు మాత్రం, అటువంటి మాట నోట వచ్చినందుకు నాలుక కరుచుకుంది.

మూడు రోజులు అలాగే గడిచాయి. ఒకసారి నిద్రపోతోంది, ఒకసారి కట్టు మారుస్తున్నారు, ఒకసారి డాక్టరు వద్దన్నారు. అతను గేటు పక్క బల్ల మీద గంట కూర్చుని ఉసూరుమంటూ పోయేవాడు. ఆమె మేడ మీది కిటికీలోంచి అదంతా చూసి మంచినీళ్లు తాగేది.

నాలుగో రోజు కూతురికి జ్వరం తగిలింది. ఊపిరి కసరత్తులు చేయించే ఆయన, వార్డులో అందరూ ‘ఊపిరి మాస్టారు’ అని పిలిచే ఆయన వచ్చి వీపు మీద గొట్టం పెట్టి విన్నాడు. పక్కపక్కనే మూడు గొట్టాలున్న ప్లాస్టిక్ పెట్టె ఒకటి ఇచ్చాడు. ఒక్కో గొట్టంలో ఒక రంగు బంతి ఉంది. పైపు నోట్లో పెట్టుకుని పీలిస్తే బంతులు లేవాలి.

“నొప్పికి భయపడి పైపైన పీలుస్తోందమ్మా. ఎడమ ఊపిరితిత్తి అడుగున ముడుచుకుపోయింది. మూడు బంతులూ లేవాలి. రేపు పదింటికి ఎక్స్‌రే తీస్తాం. అప్పటికి తెరుచుకోకపోతే మళ్లీ ఐసీయూ, మళ్లీ గొంతులో గొట్టం.”

ఆయన వెళ్లిపోయాడు. బంతులు మాత్రం కదల్లేదు.

“పీల్చవే తల్లీ.”

“కుట్లు లాగేస్తున్నాయమ్మా. నన్నొదిలెయ్.”

“తలగడ కడుపుకి అదుముకో. మొదటి బంతి మీ ఆయన అనుకో. కాలర్ పట్టుకుని లేపు.”

కూతురికి నవ్వొచ్చింది, నవ్వుతోపాటు నొప్పీ వచ్చింది. “నవ్వించకే, కుట్లు తెగుతాయి!”

“తెగవు. నేను చూశాగా.”

కూతురు పీల్చింది. మొదటి బంతి ఎగిరి గొట్టం పైమూతకి కొట్టుకుంది.

“అద్దీ! రెండోది మీ అత్త.”

“పాపం ఆవిడేం చేసింది? ఆఖరి రోజు ఊళ్లో లేదు గానీ, రోజూ వేడినీళ్ల సీసా పెట్టింది ఆవిడే.”

“అయితే రెండోదీ మీ ఆయనే. ఇద్దరి తిండి తింటాడుగా.”

రెండోది సగం దాకా లేచి పడింది. మూడోది ఉన్నచోట నుంచి వీసమెత్తు కదల్లేదు.

“మూడోది ఎవర్ని అనుకుంటావో అనుకోవే,” అంది ఆమె.

“అది నాకు తెలుసులే,” అని కూతురు కళ్లు మూసుకుంది. కాసేపటికి అదే గొంతుతో అడిగింది. “ఆయన అసలు రాలేదా అమ్మా?”

ఆమె గర్వంగానే చెప్పింది. “రోజూ వస్తున్నాడు. కింద బల్ల మీద కూర్చోబెట్టాను. ఇంకో నెల కూర్చోబెడతాను.”

“ఎవర్ని అడిగి?”

“అడిగేదేంటే? నీ పగ తీరుస్తున్నా!”

“కోసింది నా కడుపు. కుట్లు నావి. పగ మాత్రం నీదా?” కూతురు తలగడ గట్టిగా అదుముకుంది. “ఆ పాసు ఆయనకిచ్చి పంపించు. నువ్వు కిందే ఉండు.”

నాలుగింటికి ఆమె మెడలోంచి పాసు తీసి అల్లుడి చేతిలో పెట్టింది. అతను నమ్మలేనట్టు చూసి, రెండేసి మెట్లు ఎక్కుతూ పోయాడు. ఆమె బల్ల మీద కూలబడింది. ఇప్పుడు పైకి వెళ్లే హక్కు ఆమెకీ లేదు.

“ఏంటమ్మా, ఇవాళ డ్యూటీ మారిందా?” అన్నాడు వాచ్‌మన్. ఆమె ఖాళీ మెడ తడుముకుంది.

పావుగంటలో అల్లుడు దిగొచ్చాడు. ఒక్కో మెట్టూ చూసుకుంటూ దిగాడు.

“ఏమందండీ?” అని అడిగింది, ఎంత వద్దనుకున్నా ఆగలేక.

“ఆ రోజు తను నేల మీద పడి ఉంటే దాటుకుని వెళ్లానట. ఏ కాలితో దాటావో చెప్పు అంది.” అతను తన చెప్పుల వంక చూసుకున్నాడు. “గుర్తులేదన్నాను. గుర్తొచ్చాకే రమ్మంది. అప్పటిదాకా మీ ఇంట్లోనే ఉంటానంది.”

ఆమె మూడు రోజులు పళ్లు నూరింది గానీ ఇలాంటి మాట ఒక్కటి కూడా ఆమెకి తట్టలేదు. ఏం పిల్లని కన్నానురా అనుకుంది. అతను పాసు తీసి ఇచ్చాడు.

“మిమ్మల్ని రమ్మంటోంది అత్తయ్యా. ఇప్పుడు మీ వంతట.”

పైన కూతురు మంచం మీద లేచి కూర్చుని ఉంది. ఆమె స్టూలు లాక్కోబోయింది.

“కూర్చోకు. నిలబడు. నొప్పి మొట్టమొదట వచ్చినప్పుడు నేను ఎవరికి ఫోన్ చేశాను?”

“నాకే.”

“నువ్వేమన్నావు?”

ఆ రోజు పెళ్లివారి పరుపులు సగంలో ఉన్నాయి. ఫోను చెవికి, భుజానికి మధ్య ఇరికించి, చేతిలో సూది ఆపకుండా మాట్లాడింది. ఏమందో ఆమెకి బాగానే గుర్తుంది.

“వేషాలెయ్యకు అన్నాను.”

“ఇంకా?”

“నీ వేషాలు నా దగ్గర సాగవు, మీ ఆయన దగ్గర వేసుకో అన్నాను.”

“రెండు చేతులతోనూ కడుపు పట్టుకుని ఉన్నానని స్పీకర్ పెట్టాను. ఆయన పక్కనే ఉండి విన్నాడు. అంతకుముందు ఆయన నోట ఆ మాటే లేదమ్మా. నువ్వు నేర్పావు.”

కుళాయి చప్పుడులో తిట్టిన తిట్లన్నీ ఒక్కటొక్కటే దారి వెతుక్కుని ఆమె దగ్గరికే వచ్చాయి. చేతులు జోడించబోయింది. కూతురు అరచెయ్యి అడ్డం పెట్టింది.

“ఇప్పుడు బతిమాలకు, కోపం దిగిపోతుంది. ఆ బంతులు ఇటియ్యి.”

పైపు నోట్లో పెట్టుకుని, కళ్లార్పకుండా తల్లినే చూస్తూ పీల్చింది. మొదటిది లేచింది. రెండోది లేచింది. మూడోది వణికింది, ఆగింది, పైకి పోయి టక్కున కొట్టుకుంది. వెంటనే ఒళ్లంతా కుదిపేసే దగ్గు వచ్చింది. ఆమె ఒక్క ఉరుకున వచ్చి తలగడని రెండు చేతులతో కుట్ల మీద అదిమి పట్టుకుంది. చిక్కటి పసుపు కఫం గిన్నెలో పడింది.

“మళ్లీ తిట్టవే,” అంది ఆమె, పట్టు సడలించకుండా. “ఇంకా నేనేమన్నానో గుర్తు చేసుకో.”

“చాలా ఉన్నాయి. చిన్నప్పటి నుంచీ ఉన్నాయి.”

“మొదలుపెట్టు. నేనెక్కడికీ పోను.”

కూతురు ఒకటో తరగతిలో తలనూనె దగ్గర మొదలుపెట్టింది. గంటకి పదిసార్లు పీల్చమన్నాడు మాస్టారు. పీల్చినప్పుడల్లా ఒక నేరం బయటికి వచ్చింది. ఆమె నిలబడే వింది, ఒక్కదానికీ ఎదురు చెప్పలేదు. అన్నీ నిజాలే. మర్నాడు పదింటికి ఎక్స్‌రే బండి వచ్చేసరికి వాళ్లు ఆరో తరగతిలో ఉన్నారు. ఊపిరితిత్తి తెరుచుకుంది. మిగతా తరగతులు ఇంటికొచ్చాక విన్నాను.

— పరుపులమ్మ. అరవై మూడేళ్లు. ఇప్పుడు కొట్టు పైన రెండు గదుల్లో, కూతురితో ఉంటున్నాను.