మంచుకొండకు కత్తి

రాజం గిన్నెల దుకాణానికి పోదామన్నది స్వరూపే. మొగుడు విజయేందర్ మిలిట్రీలో ఉంటాడు. సెలవు ముగిసింది, మళ్లీ మంచుకొండల మీది డ్యూటీకి పోవాలి. బ్యాగు సర్దుతూ సర్దుతూ, కత్తి ఒకటి కొనుక్కోవాలన్నాడు. ఆ మాట చెవిన పడ్డప్పటి నుంచి ఆమెకు ఒకటే పట్టుదల, అది తానే ఏరి ఇవ్వాలని. బట్టలు, బూట్లు, కప్పుకునే దుప్పటి, అన్నీ సర్కారువే. పెళ్లాం ఇచ్చిన వస్తువు ఒక్కటన్నా ఒంటి మీద ఉండొద్దా?

అతని పాత కత్తి ఇంట్లోనే ఉంది, బిడ్డ తలదిండు కింద. పోయినసారి అతను సెలవు మీద వచ్చి తిరిగి వెళ్లేటప్పుడు స్వరూపకు నెలలు నిండుతున్నాయి. పురిటి మంచం మీద ఇనుము ఉండాలని అత్త సారక్క అన్నది. బాలింతకు గాలి సోకదు, బిడ్డ ఉలిక్కిపడదు. కూరగాయల కత్తి పెట్టుకోరాదా అని కొడుకు అంటే, తండ్రి నడుముకు కట్టిన ఇనుము వేరు అన్నది. నిజం చెప్పాలంటే అత్తకన్నా స్వరూపే గట్టిగా పట్టుబట్టింది. విజయేందర్ నవ్వి, కత్తి తీసి ఇచ్చేసి బండెక్కాడు. కాన్పు సుళువుగా అయింది. బిడ్డ ఇప్పుడు పాకుతోంది కూడా. అయినా ఆ కత్తిని కదపనివ్వలేదు స్వరూప. బిడ్డ తుమ్మితే దిష్టి తీసే మనిషి, పడుకుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకునే మనిషి, ఆ ధైర్యం ఒక్కటి ఎట్లా వదులుకుంటుంది?

అందుకే కొత్త కత్తి. ఎందుకని ఆమె అడగలేదు. మంచులో డబ్బాలు కోసుకోవడానికి, ఆపిల్ పండ్లు తరుక్కోవడానికి అని ఎప్పుడో ఫోనులో చెప్పినట్టు గుర్తు.

బెల్లంపల్లిలో బొగ్గుబాయి పనివాళ్ల ఇళ్లల్లో సగం గిన్నెలు రాజం దుకాణం నుంచి వచ్చినవే. స్వరూప మామ రాయమల్లుకు అతను పాత దోస్తు కూడా. బిడ్డను చంకనేసుకుని ఆమె మెట్టెక్కగానే, మిలిట్రీ మనిషిని వెంటేసుకుని వచ్చావు, దుకాణం ఆక్రమిస్తారా ఏమి అని ఎకసక్కెమాడాడు. గిన్నెలు, బిందెలు ముందర ఉంటాయి. కొడవళ్లు, గొడ్డళ్లు, కత్తులు వెనక అరలో. ఒక రేకు పెట్టె తెచ్చి బల్ల మీద గుమ్మరించాడు.

స్వరూప చెయ్యి నేరుగా మడత కత్తి మీదికి పోయింది. పిడి మీద ఇత్తడి పువ్వు, సన్నటి అలుగు. అతని జేబులో ముద్దుగా ఉంటుందనిపించింది. "గిది చూడు బావా," అంది.

విజయేందర్ దాన్ని తీసుకోలేదు. ముందు ప్యాంటు జేబులోంచి ఊలు తొడుగు ఒకటి తీసి ఎడమ చేతికి వేసుకున్నాడు. బయట రోడ్డు మీద తారు మెత్తబడే ఎండ. బిందె బేరమాడుతున్న ముసలమ్మ కూడా మాట ఆపి చూసింది.

"ఏం కొడుకా, గీ ఎండల సలివెడుతున్నదా?" అన్నాడు రాజం.

అతను నవ్వాడు. కుడి చేతిని వీపు వెనక పెట్టుకుని, ఎడమ చేత్తోనే కత్తి విప్పడానికి చూశాడు. గోరుతో లాగాల్సిన గాడి అది. తొడుగు వేసుకున్న వేలికి దొరకలేదు. పక్కన పెట్టేశాడు. ఇంకోటి తీశాడు, అదీ పక్కకే పోయింది. స్వరూపకు చిన్నబోయినట్టయింది. పండు కోసుకునే కత్తికి ఇన్ని పరీక్షలేమిటని సణిగింది. అతను వినిపించుకోలేదు. మడత లేని కత్తి ఉందా అని అడిగాడు.

రాజం లోపలికి పోయి జానెడు కత్తి ఒకటి తెచ్చాడు. లారీ కమాను పట్టీని సాగగొట్టి కమ్మరి చేసిన కత్తి. పిడి లావు, చివర దారం కట్టుకోవడానికి బొక్క, తోలు ఒర. చూడడానికి మోటుగా ఉంది. విజయేందర్ తొడుగు చేత్తోనే దాన్ని ఒరలోంచి లాగాడు, మళ్లీ పెట్టాడు, మళ్లీ లాగాడు. కళ్లు మూసుకుని కూడా లాగాడు. ఆ తర్వాత నైలాన్ తాడు ముక్క అడిగి పుచ్చుకుని, ఒక కొస దుకాణం దూలానికి కట్టి, రెండో కొసకు నాగలి కర్రుల కట్ట వేలాడదీశాడు. కత్తి అలా ఆనించాడో లేదో తాడు టప్పున తెగింది. కర్రులు నేల మీద పడ్డ చప్పుడుకు బిడ్డ ఉలిక్కిపడి తల్లి మెడ కరుచుకుంది.

ముసలమ్మ తిట్టుకుంటూ వెళ్లిపోయింది. రాజం కర్రులు ఏరుకుంటూ, అంత పైకి సామాన్లు తాళ్లతో గుంజుతారా అన్నాడు. తెంపడమెందుకు, ముడి విప్పితే అయిపోదా అన్నాడు.

"ఇంతకు తాడు కొసకు ఏం కట్టి ఉంటది?" అన్నాడు మళ్లీ.

"నేను," అన్నాడు విజయేందర్.

ఆ మాట స్వరూప చెవిలో పడింది గాని లోపలికి పోలేదు. రాజం చేతిలో కర్రు అట్లాగే ఉండిపోయింది. రోడ్డు మీద ఆటో హారను కొడుతోంది. అది ఎక్కడో ఇంకో ఊళ్లో మోగుతున్నట్టుంది ఆమెకు.

అతను రాజంకే చెప్పుకుపోయాడు, పెళ్లాం వైపు చూడకుండా. మంచులో నెర్రెలు ఉంటాయట, బావులంత లోతువి. పైన మంచు కప్పుకుని కనిపించవు. అందుకని నడిచేవాళ్లంతా నడుములకు ఒకే తాడు కట్టుకుంటారు. ఒకడు దిగబడితే మిగిలినవాళ్లు బోర్లా పడి, మంచులో గొడ్డలి దించి పట్టుకుంటారు. మెల్లగా పైకి లాగుతారు. ఎక్కువసార్లు ఏమీ కాదు.

"పట్టు దొరకకుంటే?" అన్నాడు రాజం నెమ్మదిగా.

విజయేందర్ చేతిలోని కత్తి వంక చూశాడు. ఎవరూ చెప్పరు కాకా, అట్లా చెయ్యమని ఎవరూ ఆర్డరివ్వరు, కాని ఎవరికి వాళ్లు ఉంచుకుంటారు అన్నాడు. అని, నోరు జారాడు.

"పోయినసారి నా దగ్గర లేకుండె."

"పోయినసారి ఏమైంది?" అంది స్వరూప.

సెలవులో ఇన్నాళ్లు పక్కన పడుకున్నాడు. బిడ్డను భుజాన వేసుకుని బజారంతా తిరిగాడు. ఒక్క మాట చెప్పలేదు. ఇప్పుడు, గిన్నెల మధ్య నిలబడి చెప్పాడు. కాలు పెట్టిన చోట మంచు లేదు. వేలాడాడు. పైవాళ్లు పట్టుకున్నారు గాని, పట్టు నిలవలేదు. తాడు కొంచెం కొంచెం కిందికి దిగుతోంది. దిగినప్పుడల్లా మంచు పొడి ముఖం మీద రాలుతోంది. తన బరువుకు వాళ్లందరూ వచ్చి తన మీదే పడతారనుకున్నాడు.

"నడుముకు చెయ్యి వెట్టిన. కత్తి లేదు."

"ఉంటే?"

"తాడు కోసుకునేటోన్ని."

అంత మామూలుగా అన్నాడు, ఆకలైతే తినేటోన్ని అన్నట్టు. స్వరూప బోర్లించిన గంగాళం మీద కూలబడింది. అతను చెయ్యి పెట్టి వెతికినప్పుడు ఆ కత్తి ఎక్కడుంది? ఇక్కడ, దిండు కింద. తాను పట్టుబట్టి తీసుకున్నందుకు అక్కడ లేదు. తీసుకోకపోయి ఉంటే ఈ బిడ్డ తండ్రి ముఖం ఫొటోలో చూసేది. ఏడుపు రాలేదు. బిడ్డ చెంప మీద కొడుతున్నా తెలియలేదు.

ఆమె రాజం వైపు తిరిగింది. "కాకా, తెగని కత్తొకటి ఇయ్యి."

రాజం తల దించుకున్నాడు. విజయేందర్ వచ్చి ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు. చివరికి పట్టు దొరికింది, లాగారు, అది నిజమే. కాని తన ముందు నడిచే అమిత్‌కు భుజం కీలు ఊడిపోయింది. నెలల తరబడి దవాఖానలో పడి ఉన్నాడు. ఇప్పుడు బాగై మళ్లీ డ్యూటీకి వస్తున్నాడు. వాడికీ ఇంటి దగ్గర అవ్వ ఉంది. "నా పానం కోసం ఇంకోసారి వాన్ని గట్ల కానియ్య, స్వరూపా."

అతను అబద్ధం చెప్పడం లేదు. అదే ఆమెను ఇంకా భయపెట్టింది. అమిత్ ఆదిలాబాద్ వాడు. ఫోనులో వదినా అని పలకరించేవాడు. దవాఖానలో ఉంటూ కూడా ఏమీ కానట్టే మాట్లాడాడన్నమాట.

"నువ్వు ఏలాడుతుంటె అమిత్ ఏమంటుండె?"

"ఏమంటడు. మొత్తుకుంటుండె, వాళ్లింట్ల మాట్లాడే మరాఠీల. సోడూ నకో, సోడూ నకో అని."

"అంటే?"

"ఇడువకు అని."

"వాడు ఇడువకని మొత్తుకుంటుంటె నువ్వు కత్తి దేవులాడుతున్నవా?"

విజయేందర్ లేచి, చేతిలోని కత్తిని ఒరలో పెట్టి బల్ల మీద ఉంచాడు. ఆ ప్రశ్న అతన్ని ఇంతవరకు ఎవరూ అడిగినట్టు లేదు.

స్వరూప లేచింది. బల్ల మీది మోటు కత్తిని, అన్నింటిలోకి మంచిదాన్ని, ఒరతో సహా రాజం ముందుకు జరిపింది. "గిదే ఇయ్యి కాకా. దీని మీద పేరు కొట్టు."

రాజం బతికిపోయినట్టు గిన్నెల మీద పేర్లు రాసే మిషను అందుకున్నాడు. విజయేందర్ అనే కదా అన్నాడు.

"అమిత్ అని."

"నా కత్తి మీద వాని పేరేంది?" అన్నాడు విజయేందర్.

"నీది గాదు. వానిది. గీసారి గూడ నీ ముందట నడిచేది వాడే గదా, వాని నడుముకే ఉంటది."

"మరి నాకు?"

"నీకు వద్దు. నిన్ను నువ్వు కోసుకుంటవు బావా. వాడు నిన్ను కొయ్యలేడు."

"కొయ్యాల్సి వస్తే?"

అయినా స్వరూప ఆగలేదు. "వస్తే వానికి తెలుస్తది. పైనున్నోనికి కనవడతది పట్టు దొరికిందా లేదా. కింద చీకట్ల ఏలాడే నీకేం తెలుసు?"

విజయేందర్ వీధిలోకి చూశాడు. వీధి నిండా దుకాణాలే. రైలెక్కే లోపు ఎక్కడైనా ఇంకోటి కొనుక్కోగలడు. అది ఆమెకూ తెలుసు. అతను వాగ్దానం చేసినా నమ్మగలదా? బిడ్డ జారిపోతుంటే ఎత్తి పట్టుకుని అతని ముఖమే చూస్తూ నిలబడింది.

రాజం మిషను నొక్కాడు. అది గుర్రుమంది. తెలుగు అక్షరం మొదలుపెట్టబోతుంటే విజయేందర్ అతని మణికట్టు పట్టుకున్నాడు.

"హిందీల కొట్టు కాకా. ఆడ అందరు సదవాలె, వానిదని."

రాజంకు హిందీ రాయడం రాదు. విజయేందర్ సుద్దముక్క తీసుకుని బల్ల మీద రాసి చూపించాడు. రాజం దాన్ని చూసుకుంటూ గీత గీతా చెక్కాడు. అయిపోయాక కత్తిని బల్ల మీద పెట్టాడు. స్వరూప బడి మానేసి చాలా ఏళ్లయింది. వేలు పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంది. అమిత్ అనే ఉందని, ఇంకో పేరు లేదని, రెండోసారి కూడా చదివి చూసుకుంది.