వెండిరంగు తీసిన కత్తి

కత్తి వంపు మీద దేవన్ తడి ఉప్పుకాగితం నడుపుతూనే ఉన్నాడు. బూడిదరంగు నీళ్లు మోచేతి దాకా కారి బకెట్లో పడుతున్నాయి. నిజానికి చేయాల్సిన పనేమీ మిగల్లేదు. కత్తి ఎప్పుడో అద్దమైంది. రేకుల షెడ్డూ, వెనకాల చెరకుతోటా, తన నెరిసిన గడ్డమూ అందులో కనబడుతున్నాయి. చేతులు ఊరుకోక రుద్దుతున్నాడు.

"ఏం బావా, మొకం ఇంకా తెల్లగా కనబడాలా?"

కంచె దగ్గర డేజీ. దేవన్ భార్య సావీకి చెల్లెలు, పక్కిల్లే.

దేవన్ ఉప్పుకాగితం బకెట్లో ముంచి మళ్లీ రుద్దాడు.

"అక్క గంజి కూడా కక్కేసింది. సోమారం డాక్టర్ కాడికి ఏం మొకంతో తీస్కపోతావు?"

ఆ సంగతి దేవన్‌కు తెలుసు. కడుపులో గడ్డ కోయాలంటే ఒంట్లో కాస్త సత్తువ ఉండాలనీ, ఈ వారం నాలుగు ముద్దలు నిలబడితే కోస్తాననీ, లేకపోతే ఇంటికి తీసుకుపొమ్మనీ డాక్టర్ చెప్పాడు. ఈ రోజు శనివారం.

దేవన్ టౌన్ మునిసిపాలిటీ యార్డులో రంగు కొట్టే మనిషి. బెంచీలు, గేట్లు, చెత్తడబ్బాలు. సముద్రపొడ్డు బెంచీల మీద తెల్లవాళ్లకు మాత్రమే అని అక్షరాలు దిద్దింది అతనే. కాలం మారాక వాటి మీద ఆకుపచ్చ పూసిందీ అతనే. రెండుసార్లూ ఫోర్మన్ డబ్బా చేతికిచ్చి వెళ్లిపోయాడు. పొద్దంతా పూసి వచ్చిన మనిషికి ఇంటి దగ్గర తీయడం ఇష్టం. నల్ల లక్క పూసిన చెరకు కత్తులు, పూత పొక్కులు లేచిన వంటకత్తులు ఎక్కడ పారేసినా తెచ్చుకుంటాడు. పై పొర ఊడి లోపలి ఇనుము బయటపడినప్పుడు ఊపిరి బిగబట్టి చూస్తాడు. మెరుగుపెట్టి షెడ్డులో వరసగా తగిలిస్తాడు. వాటితో ఎవరూ ఏమీ కోయరు.

"నీ కత్తులు పెళ్లికూతుళ్లు మావా. పని చెప్పకూడదు," అనేది సావీ.

సావీ కత్తి వేరు. అది కత్తిపీట. చెరకు కొట్టడానికి ఓడెక్కి వచ్చిన అవ్వ మూటలో తెచ్చుకున్నది. వీధిలో అందరి చేపలూ దాని మీదే సావీ చేత కోయించుకునేవారు. పెళ్లైన కొత్తలో, ఉప్పుగాలికి తుప్పు పడుతోందని, దేవన్ యార్డు నుంచి బెంచీల వెండిరంగు తెచ్చి అంచు వదిలి మిగతాదంతా పూశాడు. కూరలు చాన్నాళ్లు రంగువాసన కొట్టాయి. సావీ ఏమీ అనలేదు. అదే అతనికి ఇన్నేళ్లూ గుచ్చుకుంది.

ఏప్రిల్లో, నల్లా తెల్లా అందరూ కలిసి మొదటిసారి ఓటేసిన రోజున, లైను బడి గేటు దాటి చెరకుతోటల దాకా ఉంది. సావీ అప్పటికే ఎక్కువసేపు నిలబడలేకపోతోంది. కూర్చోడానికి పీట ఎత్తు సరిపోతుందని, దేవన్ కత్తి ఊడదీసి చెక్క చంకన పెట్టుకున్నాడు. లైను కదిలినప్పుడల్లా పీట ముందుకు జరిపాడు. సావీ దాని మీద కూర్చుని నవ్వింది.

"అవ్వ పీట ఓటుకి వచ్చినాది."

ఇంటికొచ్చాక కత్తిని మళ్లీ చెక్కకు బిగించలేదు. వెండిరంగు తీసేసి ఇద్దామనుకున్నాడు. రంగు తీసే మందు వాసన ఇనుముకు పట్టేస్తుందని, చేపలు కోసే కత్తికి అది వద్దని, నిప్పుల మీద పెట్టాడు. అంతకుముందు ఏ కత్తినీ నిప్పుల్లో పెట్టలేదు. రంగు పొక్కి రాలింది. కత్తి ఎర్రబడింది. బూడిదలో వదిలేసి మర్నాడు తీశాడు. అద్దంలా చేసి ఇచ్చాడు.

సావీ గుమ్మడి ముక్క అంచుకు ఆనించి నొక్కింది. అంచు పక్కకు మడత పడింది. బొటనవేలితో తడిమి చూసింది.

"ఇనుము చచ్చిపోయినాది మావా."

ఆ తరవాతే మంచం పట్టింది. తిన్నదేదీ నిలవడం లేదు. ఈ మధ్య ఒకటే అడుగుతోంది: అవ్వ కత్తి మీద తన చేత్తో కోసుకున్న కవళ్లైతే తింటానని. ఏడాదికోసారి ఒడ్డుకొచ్చే సార్డీన్ చేపల్ని అవ్వ కవళ్లనేది. ఈ ఊళ్లో ఇప్పుడు ఆ మాట సావీ ఒక్కతే అంటుంది.

వీధి చివర చేపలు తెచ్చే బక్కీ బండి హారన్ మోగింది. ఎవరో కేక వేశారు.

"సార్డ్స్. సార్డ్స్ వొచ్చినాయ్."

దేవన్ ఉప్పుకాగితం పడేశాడు.

"డేజీ, నీ జుట్టారబెట్టే మిషను ఇయ్యి."

"ఎందుకూ, గడ్డానికా?"

"నిప్పుకి."

డేజీ ఇంట్లోకి పోయి మిషను తెచ్చి కంచె మీంచి అందించింది. చేపలకి బకెట్టు తీసుకుని వీధిలోకి పరిగెత్తింది.

ఇటుకల మధ్య బొగ్గులు పోసి, అంతసేపూ రుద్దిన అవ్వ కత్తిని వాటిలో పెట్టి, మిషనుతో గాలి కొట్టాడు. ఎర్రగా కాల్చి ఒక్కసారిగా నూనెలో ముంచితే, బూడిదలో మెల్లగా చల్లారి పోయిన బిగువు తిరిగొస్తుందని యార్డులో విన్నాడు. పగలొచ్చని కూడా విన్నాడు. పగిలితే అవ్వ కత్తి ఇక లేదు. కత్తి ఎర్రబడింది. పట్టకారుతో ఎత్తాడు. వంటనూనె గిన్నెలోకి దించాడు. మంట లేచి ఆరింది. చెవి దగ్గర పెట్టి విన్నాడు. పగుళ్ల చిటపటలు లేవు. ఆకురాయి ఆనించి లాగితే గీత పడకుండా జారిపోయింది; ఇనుము గట్టిపడింది.

రాయి మీద అంచు మాత్రం తీశాడు. మిగతాదంతా మసిబారి గరుకుగా ఉంది. అలవాటుగా ఉప్పుకాగితం వైపు చెయ్యి పోయింది.

వరండాలోంచి సావీ చూస్తోంది. డేజీ చేపల బకెట్టు దింపి, ఆమెను చాప మీద గోడకానించి కూర్చోబెట్టింది.

"అద్దం వద్దు మావా. కత్తి ఇయ్యి."

నల్లగానే చెక్కకు బిగించాడు. సావీ పాదం పీట మీద ఆనించింది. ఆ పాదానికి బరువు లేక పీట కదలడం చూసి దేవన్ రెండో వైపు మోకాలితో తొక్కిపట్టాడు. చేప తోక పట్టుకుని సావీ అంచు మీద గీకింది. పొలుసులు ఎగిరాయి. తల తెగింది. రెండోది. మూడోదానికి చేతులు ఆగిపోయాయి.

"తెగుతున్నాది," అంది.

డేజీ చింతపండు పులుసు పెట్టి తెచ్చింది. సావీ ఒక చేప పూర్తిగా తింది. ముళ్లు ఒక్కొక్కటే తీసి గిన్నె అంచున పెట్టింది. కక్కలేదు. కాస్త ఎండలో పడుకుంటానంది.

దేవన్ వాకిట్లో కూర్చుని సోమవారం గురించి ఆలోచించాడు. రేపు పొద్దున రెండు చేపలు. సాయంత్రం ఇంకో రెండు. చాలా రోజుల తరవాత బీడీ ముట్టించుకున్నాడు.

గిన్నె తీయడానికి వంగిన డేజీ గిన్నె తీయలేదు. అక్క ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, జుట్టు సరిచేసింది.

"బావా," అంది మెల్లగా. "ఇక్కడికి రా."

సాయంత్రానికి వీధంతా వచ్చింది. చాప మడిచారు. వరండా కడిగారు. పీటను ఎవరో షెడ్డులో పెట్టారు. గోడ మీద వరసగా మెరిసే కత్తుల కింద అది నేల మీద ఉంది. దేవన్ వచ్చి దాని ముందు కూర్చున్నాడు. ఉప్పుకాగితం చేతిలోకి తీసుకుని, మళ్లీ కింద పెట్టాడు. నల్లటి ఇనుము మీద, అంచుకు కాస్త పైన, ఒక చేప పొలుసు ఎండి అంటుకుని మెరుస్తోంది.