వంగిన మనిషి

“అలా గళ్ళు గీస్తే వాళ్ళకేమన్నా అవుద్దేమోనే” అంది సత్యవతి, కాఫీ గ్లాసు కూతురి ల్యాప్‌టాప్ పక్కన పెడుతూ. ముగ్గేసి వచ్చిన వేళ్ళు ఇంకా తెల్లగానే ఉన్నాయి.

“ఏమవుద్దమ్మా, బొమ్మలేగా” అంది తేజస్విని తల తిప్పకుండా.

కనకాలపేటలోని ఆ ఇంట్లో సత్యవతి భయాలంటే అందరికీ వేళాకోళమే. గ్యాస్ కట్టేశానా అని వీధి మలుపు నుంచి వెనక్కి వచ్చినా, గోదారి పోటెక్కితే చేపల చెరువు గట్టు తెగుతుందేమోనని గుబులు పడినా, “మీ అమ్మ ఆకాశం పడిపోకుండా చేతులడ్డం పెట్టుకు నిలబడుద్ది చూడు” అని భర్త భాస్కరరావు నవ్వేవాడు. నిరుడు గట్టు నిజంగానే తెగితే మాత్రం, “ముందే కాస్త గట్టిగా చెప్పి ఏడవచ్చుగా” అన్నాడు. తేజస్విని ఉద్యోగం సంగతీ అంతే. ఎనిమిదో క్లాసు మనిషికి ఇవన్నీ ఏం తెలుస్తాయని ఆమెను అడక్కుండానే సరేననేశాడు. ఇంట్లో కూర్చుని చేసే పని, ఆడపిల్లకి ఇంతకన్నా ఏం కావాలి అని.

ఆ పనేంటో కూతురే ఒకసారి విడమరిచి చెప్పింది. యుద్ధం జరిగే ఏదో దేశంలో డ్రోన్లు పైనుంచి తీసిన బొమ్మలవి. మామూలు మనిషి చుట్టూ ఆకుపచ్చ గడి, శత్రువు చుట్టూ ఎర్ర గడి గీయాలి. వేలకొద్దీ అలాంటివి చూసి డ్రోను తనే నేర్చుకుంటుంది. ఆ తర్వాత ఎవరినీ అడగదు. పక్కనున్న అడవిపొలం ఊళ్ళో చేలకి మందు కొట్టే డ్రోను లాంటిదేనా అని సత్యవతి అడిగితే, అలాంటిదే, మందు బదులు బాంబు అంది.

ఇప్పుడు తెర మీద ఇంకా తెల్లవారని వీధి. నడుమొంచి, నేలకేసి చెయ్యి చాపిన ఒంటరి మనిషి. ముఖం లేదు, తెల్లటి మచ్చలా ఉంది. కూతురు ఎర్ర గడి తీసుకుంది.

“ఆగవే. ఎర్రదెందుకు?”

“రోడ్డు మీద వంగి ఏదో పెడుతున్నారుగా. బాంబు పాతేవాళ్ళు అలాగే ఉంటారంట. మాకిచ్చిన రూలమ్మా.”

సత్యవతి ఆ నడుము వంపునే చూస్తూండిపోయింది. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఇంటిల్లిపాదీ లేవకముందే ఆమె అలా వంగుతూనే ఉంది. ముగ్గు వంకర పోయిందని అత్తగారు రోజూ అనేది. భర్త దాని మీంచే బండి పోనిస్తాడు. ముగ్గునైనా చూశారుగానీ, ఇన్నేళ్ళలో ఆ వంగడాన్ని ఒక్కరూ చూడలేదు. చూసే కన్నంటూ ఒకటి వస్తే, అది ఆకాశంలోంచి ఇలా చూస్తుందన్నమాట.

“సత్యవతీ, నీళ్ళు కాగాయా?” పెరట్లోంచి భాస్కరరావు.

ఆమె వెళ్ళలేదు. కూతురి మంచం మీద కూర్చుంది.

“తేజూ, ఇందాక నన్ను పైనుంచి తీసుంటే నాకే రంగు పెడతావే?”

కూతురు నవ్వబోయి ఆగింది. తెర మీది మనిషిని పెద్దది చేసింది, మళ్ళీ చిన్నది చేసింది. పెరట్లోంచి ఇంకోసారి పిలుపొచ్చింది, ఈసారి గద్దిస్తూ. సత్యవతి మంచం మీంచి లేవలేదు. గ్లాసులో కాఫీ మీద మీగడ కట్టింది.

తేజస్విని మౌస్ మీంచి చెయ్యి తీసేసింది.

“ఎర్రదేనమ్మా.”