మంచుగుట్ట మీద ఎర్రటోపీ

ముప్ఫయ్యేళ్లు సిటీ బస్సు నడిపి రిటైరైన బెర్నడెట్ మజూర్, షికాగో చూడ్డానికి వచ్చేవాళ్లకి ఎక్కడెక్కడ తిరగాలో చెప్పే కౌంటర్లో కూర్చుంటోంది. ఆ ఫిబ్రవరి పొద్దున నెబ్రాస్కా నుంచి ఒక ముసలి జంట వచ్చింది. ఎర్రటోపీ పెట్టుకున్న ఆర్విల్‌కి చెముడు. ఆయన తరఫున కూడా భార్య ట్వైలానే మాట్లాడింది. మేడలూ మ్యూజియంలూ అందరూ చెప్పేవేనని, ఇంకేదైనా చెప్పమంది. బెర్నడెట్‌కి ముచ్చటేసింది. సరస్సు ఒడ్డుకి వెళ్లమంది. ఈ వారం అలలు గడ్డకట్టి గుట్టలుగా నిలిచాయని చెప్పి, బస్సు నంబరు రాసిచ్చింది.

గంట తర్వాత ఒక కాలేజీ అమ్మాయి వచ్చి, సరస్సు దగ్గర అప్పుడే తీసిన ఫోటో చూపించింది. తెల్లటి గుట్ట మీద ఎర్రటోపీ.

ఆ టోపీ ఆర్విల్‌దని బెర్నడెట్ గుర్తుపట్టింది. ఒడ్డుని ఆనుకుని కనిపించేది నేల కాదు, నీళ్ల మీద పేరుకున్న మంచు. మధ్యమధ్య బొక్కలుంటాయి, వాటిమీద పలచటి పొర. ఈ ఊళ్లో పిల్లలకి కూడా తెలిసిన సంగతి. వాళ్లకి తను చెప్పాల్సింది, చెప్పలేదు.

ఫైర్ వాళ్లకి ఫోన్ చేసి టాక్సీ ఎక్కింది.

ట్వైలా ఒడ్డునే ఉంది. ఆర్విల్ యాభై అడుగుల దూరంలో గుట్టెక్కి చెయ్యి ఊపుతున్నాడు.

"ఆయన కింద నీళ్లున్నాయి. బోర్లా పడుకుని పాకుతూ రమ్మనండి," అంది బెర్నడెట్.

ట్వైలా మొహంలో నెత్తురు లేదు. "ఆయనకి వినపడదమ్మా. చెవి మిషను హోటల్లో వదిలేసొచ్చాడు."

ఆ మాట అంటూనే ఆవిడ మంచులో బోర్లా పడుకుని చూపించింది. భార్య పడిపోయిందనుకున్నాడు ఆర్విల్. గబగబా దిగి వస్తున్నాడు. నాలుగో అడుగుకి కుడికాలు తొడదాకా దిగబడింది. ట్వైలా పాకుతూ ముందుకి పోబోతే బెర్నడెట్ ఆవిడ కోటు పట్టుకుని లాగి, మీద పడి ఆపింది. ఆవిడ కొడుతున్నా వదల్లేదు.

ఆర్విల్ రెండు చేతులూ చాపి మంచుని కరుచుకున్నాడు. ఆయన చుట్టూ మంచు పటపటమంటోంది. ఎంతసేపో బెర్నడెట్‌కి తెలియదు. చివరికి ఫైర్ వాళ్లొచ్చారు. ఒకతను నడుముకి తాడు కట్టుకుని పాకుతూ వెళ్లి ఆయన చంకల కింద చేతులేశాడు, మిగతావాళ్లు ఒడ్డుమీంచి లాగారు. బూటు నీళ్లలోనే పోయింది.

అంబులెన్సులో ట్వైలా మెల్లగా అంది: "నీ మాట నమ్మి వెళ్లాం."

"తెలుసండీ. తప్పు నాదే."

ట్వైలా కాస్త పక్కకి జరిగి చోటిచ్చింది. బెర్నడెట్ కూర్చుని, నీలంగా మారిన ఆయన పాదాన్ని ఒళ్లో పెట్టుకుని, ఆసుపత్రి వచ్చేదాకా తన కోటుతో కప్పి పట్టుకుంది.